చైనా జానపద సంగీతం: సేకరణ చరిత్ర, పరంపర సమస్య

జానపద గీతాలను సేకరించి భద్రపరచడం ఆధునిక విశ్వవిద్యాలయాలతో మొదలైన పని కాదనడానికి చైనా చరిత్ర బలమైన సాక్ష్యం. చైనా కవితాపరంపరకు మూలగ్రంథంగా భావించే ‘షి జింగ్’లోని 305 గీతాలలో 160 గీతాలు ‘గువో ఫెంగ్’ అనే విభాగానికి చెందినవి. ‘ఫెంగ్’ అంటే గాలి. ఒక ప్రాంతపు ఆచారం, అక్కడి పాట కూడా అదే పదంతో వ్యవహారంలో ఉన్నాయి. ప్రజల మనసు తెలుసుకోవడానికి పాలకుడు అధికారులను పంపి పాటలు సేకరింపజేసేవాడని హాన్ యుగపు పండితులు రాశారు. ఆ పని నిజంగా జరిగిందా, లేక అది పండితులు ఊహించిన ఆదర్శమా అన్న చర్చ ఇంకా తెగలేదు. అయినా ‘చాయ్ ఫెంగ్’, అంటే గాలిని ఏరుకోవడం, అనే మాట ఈనాటికీ క్షేత్రపర్యటనకు వెళ్లే చైనా సంగీత విద్యార్థుల వాడుకలో ఉంది. హాన్ వంశపు వూ చక్రవర్తి ‘యుయెఫు’ అనే సంగీత కార్యాలయాన్ని విస్తరించాడు. క్రీ.పూ. 7లో ఐ చక్రవర్తి దాన్ని రద్దు చేశాడు. ఆ కార్యాలయం పేరే తరువాతి కాలంలో ఒక కవితాప్రక్రియకు పేరుగా నిలిచింది.

ఈ రెండు సందర్భాలలోనూ మిగిలింది మాతువు. ధాతువు పోయింది. గీతాల పదాలపై రెండు వేల ఏళ్లుగా వ్యాఖ్యానాలు వెలువడుతూనే ఉన్నాయి కాని, వాటిని ఏ వరుసలో పాడేవారో చెప్పగలవారు లేరు. ఇరవయ్యవ శతాబ్దపు సేకర్తలు ఈ లోటును ఎరిగినవారే. ధాతువును కూడా పట్టుకోవడానికి వారు పూనుకున్నారు, చాలావరకు పట్టుకున్నారు కూడా. అయితే మాతువు, ధాతువు రెండూ చేతికి వచ్చాక మూడవది ఒకటి జారిపోయింది. అది పాట పుట్టే సందర్భం: ఎవరు, ఎవరి ఎదుట, ఎక్కడ, ఏ అవసరంతో పాడతారన్నది. నేడు చైనాలో జానపద సంగీత పరిరక్షణపై సాగుతున్న వాదాలు ఎక్కువగా ఈ మూడవ అంశం చుట్టూనే తిరుగుతున్నాయి.

మాటల సేకరణ, వరుసల సేకరణ

1918లో పీకింగ్ విశ్వవిద్యాలయం దేశం నలుమూలల నుంచి జానపద గీతాలు పంపమని పిలుపునిచ్చింది. అధ్యక్షుడు త్సాయ్ యువాన్‌పేయ్ ఆమోదంతో, కవి లియు బాన్‌నోంగ్ చొరవతో ఈ పని మొదలైంది. 1920లో గేయ పరిశోధక సంఘం ఏర్పడగా, 1922 డిసెంబరులో ‘గెయావ్ జౌకాన్’ అనే గేయ వారపత్రిక వెలువడింది. తమకు రెండు లక్ష్యాలున్నాయని ఆ పత్రిక తొలి సంచికలోనే ప్రకటించుకుంది. ఒకటి శాస్త్రీయాధ్యయనం, రెండవది సాహిత్యం. గ్రాంథిక భాషను వదలి వాడుక భాషలో కొత్త కవిత్వం రాయాలనుకున్న తరానికి రైతుల పాట ఒక ఆదర్శంగా కనిపించింది. తెలుగునాట వ్యావహారిక భాషోద్యమం సాగుతున్న కాలమూ అదే కావడం ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఆ రెండు ఉద్యమాలకూ నేరుగా సంబంధం లేదు.

భాషోద్యమకారులు పాటలో భాషనే వెతికారు. లియు బాన్‌నోంగ్ తన స్వస్థలమైన జియాంగ్‌యిన్‌లో పడవవాళ్ల నోట విని రాసుకున్న గీతాలైనా, చరిత్రకారుడు గు జియెగాంగ్ సేకరించిన సూజౌ ప్రాంతపు గీతాలైనా ప్రధానంగా పదాల రూపంలోనే అచ్చయ్యాయి. స్వరలిపి తెలిసినవారు ఆ బృందంలో తక్కువ. దీన్ని వారి అశ్రద్ధగా భావించడం సరికాదు. సాహిత్య విభాగాలలో పుట్టిన సేకరణలన్నిటికీ ఈ పరిమితి సహజం. తెలుగు జానపద గేయ సంకలనాలలో అధికభాగం పాఠాన్ని మాత్రమే అచ్చువేసి, బాణీని పాఠకుని ఊహకు వదిలేయడం పరిశోధకులకు తెలిసినదే.

వరుసల వైపు దృష్టి మళ్లింది యానాన్‌లో. కమ్యూనిస్టు పార్టీ కేంద్రంగా ఉన్న ఆ పట్టణంలోని లూ షున్ కళా అకాడమీలో ల్యూ జీ వంటి సంగీతకారులు ఉత్తర షాన్‌షీ గ్రామాల పాటలను స్వరపరచి భద్రపరిచారు. 1942లో సాహిత్యం, కళలపై మావో చేసిన ప్రసంగాల తరువాత ఈ పని మరింత ఊపందుకుంది. ఇక్కడ లక్ష్యం తారుమారైంది. పీకింగ్ పండితులకు మాట ముఖ్యం, వరుస అప్రధానం. యానాన్ కార్యకర్తలకు వరుస ముఖ్యం, మాట మార్చదగినది. పాత వరుసకు కొత్త పదాలు కూర్చి రైతును యుద్ధానికీ భూసంస్కరణకూ సిద్ధం చేయడం వారి ఉద్దేశం. ‘తూర్పు ఎరుపెక్కింది’ అనే ప్రసిద్ధ గీతం ఆ ప్రాంతపు ప్రేమగీతం వరుస మీదే నిలిచింది. 1945 నాటి ‘తెల్లజుట్టు పిల్ల’ అనే సంగీతరూపకానికి హెబే ప్రాంతపు ‘షియావ్ బాయ్‌త్సాయ్’ పాట ఒక ఆధారం. తల్లిలేని పిల్ల దుఃఖం ఆ పాటకు వస్తువు.

‘మొలి హువా’, అంటే మల్లెపూవు గీతం, ఈ మార్పులకు మంచి ఉదాహరణ. ఈ పాట వరుస ఒకటి 1804లో అచ్చయిన జాన్ బారో చైనా యాత్రాగ్రంథంలోనే స్వరలిపితో కనిపిస్తుంది. అది యూరప్‌లో ప్రచారం పొంది 1926లో ప్రదర్శితమైన పుచ్చీని సంగీతనాటకం ‘తురాందోత్’లో చేరింది. చైనాలో నేడు అధికారిక వేడుకలలో వినిపించే పాఠం వేరు. దాన్ని 1942లో జియాంగ్సు ప్రాంతంలోని లియుహెలో సైనిక కళాబృందానికి చెందిన హె ఫాంగ్ అనే బాలుడు ఒక స్థానిక కళాకారుని వద్ద నేర్చుకున్నాడు. అసలు పాటలో మూడు రకాల పూలు ఉండేవి. 1957లో ప్రదర్శన కోసం సవరించినప్పుడు మల్లె ఒక్కటే మిగిలింది. పాఠపరిష్కర్త దృష్టిలో ఇది పాఠాంతరం కాదు, పునారచన. అయినా నూటికి తొంభైమంది శ్రోతలకు ఇదే మూలం.

అబింగ్ ఆరు రచనలు

వరుసను కాగితం మీద కాక ధ్వనిగానే పట్టుకున్న సందర్భాలలో 1950 నాటి వూషీ ఘట్టం అత్యంత ప్రసిద్ధం. హువా యెన్‌జున్‌ను ప్రజలు అబింగ్ అనేవారు. 1893లో పుట్టిన అతడు తావో మతానికి చెందిన ఒక గుడిలో పూజారిగా సంగీతం నేర్చాడు. తరువాత చూపు పోయి, గుడి ఆధారం తప్పి, వీధులలో అర్హు, పిపా వాయించి బతికాడు. సంగీత చరిత్రకారుడు యాంగ్ యిన్‌లియుదీ వూషీయే. బాల్యంలో అబింగ్ వద్ద కొంత నేర్చుకున్నవాడు కూడా. 1950 వేసవి చివర యాంగ్, అతని సహచరి త్సావ్ ఆన్‌హె తీగ మీద ధ్వనిని ముద్రించే యంత్రాన్ని తీసుకుని వూషీ వెళ్లారు. అబింగ్ అప్పటికి చాలాకాలంగా వాద్యం ముట్టలేదు. వాయిద్యాలు ఎరువు తెచ్చుకుని, కొద్దిరోజులు సాధన చేసి, అర్హు మీద మూడు, పిపా మీద మూడు రచనలు వాయించాడు. మరిన్ని ముద్రించాలన్న ఆలోచన నెరవేరలేదు. ఆ డిసెంబరులోనే అతడు మరణించాడు.

ఆ ఆరింటిలో ఒకటి నేడు అర్హు విద్యార్థులందరికీ పాఠ్యాంశమైన ‘అర్ చువాన్ యింగ్ యుయె’, అంటే రెండవ ఊటలో చంద్రబింబం. శ్రోత మనసులో ఈ శీర్షిక ఒక వెన్నెల దృశ్యాన్ని నిలుపుతుంది. అబింగ్ వీధిలో వాయించుకునే ఆ రచనకు అంతకుముందు స్థిరమైన పేరు లేదు. ముద్రణ సందర్భంలో జరిగిన సంభాషణలో, వూషీలోని ప్రసిద్ధమైన ఊట పేరు ఆధారంగా ఈ శీర్షిక కుదిరింది. పేరు ఒక్కటే కాదు, రూపం కూడా అప్పుడే స్థిరపడింది. వీధి వాద్యకారుడు వినేవారిని బట్టి, నడక వేగాన్ని బట్టి రచనను పెంచుతాడు, కుదిస్తాడు. ముద్రణలో చేరినది వాటిలో ఒక్క రోజు నాటి రూపం. తాళపత్ర సంపుటాలతో పనిచేసేవారికి ఈ స్థితి పరిచితమే. ఒకే ప్రతి లభించినప్పుడు దానిలోని యాదృచ్ఛికాలు కూడా కర్తృపాఠంగా చెలామణి అవుతాయి. ఆ తీగచుట్ట లేకపోతే అబింగ్ పేరు కూడా మిగిలేది కాదన్నది మాత్రం నిర్వివాదం.

యాంగ్ బృందం కృషికి 1950లలో ఇతర ఫలితాలూ ఉన్నాయి. బీజింగ్‌లోని జిహువా ఆలయంలో భిక్షువులు కాపాడుకున్న వాద్యసంగీతాన్ని, 1694 నాటి స్వరపత్రాన్ని అది వెలుగులోకి తెచ్చింది. 1956లో హునాన్ రాష్ట్రంలో విస్తృత సర్వే జరిపి కార్మికుల పాటల నుంచి క్రతు సంగీతం వరకు అన్నిటినీ నమోదు చేసింది. చైనా సంగీత పరిశోధన సంస్థలోని సుమారు 7,000 గంటల సంప్రదాయ సంగీత ధ్వని భాండాగారం 1997లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో చేరింది. చైనా నుంచి ఆ పట్టికకెక్కిన తొలి సంపద అదే.

స్వరపత్రం, గురుముఖం

1966 నుంచి పదేళ్లపాటు సాగిన సాంస్కృతిక విప్లవంలో గుళ్ల స్వరపత్రాలు తగలబడ్డాయి. వాద్యాలు పగిలాయి. ప్రేమగీతాలు పాడినవారు బహిరంగ విచారణలకు గురయ్యారు. ఆ నష్టానికి ప్రతిస్పందనగానే 1979లో సంస్కృతి మంత్రిత్వశాఖ, సంగీతకారుల సంఘం కలిసి మహాసంకలన పథకాన్ని ప్రారంభించాయి. ల్యూ జీ దీనికి ప్రధాన ప్రేరకుడు. పది శ్రేణులలో, రాష్ట్రాల వారీగా 298 సంపుటాలుగా రూపొందిన ఈ సంకలనం 2009లో పూర్తయింది. జిల్లా సాంస్కృతిక కేంద్రాలలోని చిన్న ఉద్యోగులు సైకిళ్ల మీద ఊరూరా తిరిగి పాటలు రాసుకున్నారు. పరిమాణంలో దీనికి సాటి రాగల జానపద సంకలనం మరే దేశంలోనూ కనిపించదు.

దీనిపై విమర్శ కూడా తీవ్రమైనదే. అచ్చయినది అంకెల స్వరలిపి మాత్రమే. సంపుటాలతోపాటు ధ్వని వెలువడలేదు. పాటను వర్గాలుగా విడదీయడంలో క్రతువు ముక్కలైంది. ఒక శవయాత్రలో వరుసగా వచ్చే వాద్యం, మంత్రపఠనం, విలాపం వేర్వేరు సంపుటాలకు పోయాయి. ‘మూఢనమ్మకం’ అన్న ముద్ర పడుతుందన్న జంకుతో సంపాదకులు మతసంగీతాన్ని అతి జాగ్రత్తగా, తరచు వాద్యసంగీతానికి అనుబంధంగా చేర్చారు. ఉత్తర చైనా గ్రామాలలో వాద్యబృందాలు బతికి ఉన్నదే చావుల కోసం, దేవతల కోసం కావడం ఇందులోని విపరీతం.

హెబే రాష్ట్రం గు’ఆన్ జిల్లాలోని చూజియాయింగ్ గ్రామం అందుకు నిదర్శనం. అక్కడి రైతులు తరతరాలుగా ఊదువాద్యాలు, తాళవాద్యాలతో కూడిన బృందాన్ని నడుపుకుంటున్నారు. చావుకు వాయించినా డబ్బు తీసుకోరాదన్నది కట్టుబాటు. 1980లలో వృద్ధులు ఒక్కొక్కరే రాలిపోతుండగా గ్రామస్థులే బీజింగ్‌కు వెళ్లి పండితుల తలుపులు తట్టారు. 1986లో సంగీత పరిశోధన సంస్థ వారు ఆ ఊరు చేరారు. సేకర్త ఊరికి వెళ్లడం సర్వత్రా జరిగేదే. ఊరే సేకర్తను పిలుచుకోవడం అరుదు.

ఆ ఊరి స్వరపత్రాలు ‘గోంగ్‌చె’ లిపిలో ఉన్నాయి. షాంగ్, చె, గోంగ్, ఫాన్ వంటి అక్షరాలతో స్వరాలను సూచించే ఈ లిపి రచన అస్థిపంజరాన్నే ఇస్తుంది. గమకం, పూరణ స్వరాలు, విరామాలు అందులో ఉండవు. శిష్యుడు ముందు వాద్యం పట్టడు. గురువు ఎదుట కూర్చుని పత్రాన్ని గొంతుతో పాడతాడు. రాయని స్వరాలు ఆ పాడటంలోనే ఒంటబడతాయి. షీఆన్ పరిసరాలలోని వాద్యబృందాలదీ ఇదే పద్ధతి. ‘కౌ చువాన్ షిన్ షౌ’, అంటే నోటితో అందించడం, మనసుతో నేర్పడం, అనే చైనా నుడి దీన్ని చెబుతుంది. మనవారి ‘గురుముఖతః’ అన్న మాటకు ఇది చాలా దగ్గర. కాబట్టి స్వరపత్రాన్ని గాజుపెట్టెలో భద్రపరచినంత మాత్రాన రచన భద్రమైనట్లు కాదు. దాన్ని పాడి వినిపించే చివరి వృద్ధుడు పోతే పత్రం చదవరాని శాసనంతో సమానం.

జాబితాలు, వారసులు

2001లో కున్‌చూ రంగస్థల కళను యునెస్కో గుర్తించడంతో చైనాలో వారసత్వ పరిరక్షణకు కొత్త దశ మొదలైంది. 2004లో చైనా అమూర్త వారసత్వ ఒడంబడికను ఆమోదించింది. 2006లో 518 అంశాలతో తొలి జాతీయ జాబితా వెలువడింది. 2007 నుంచి జాతీయ స్థాయి ‘ప్రతినిధి వారసుల’ను ప్రకటిస్తున్నారు. 2018 నాటికి వారి సంఖ్య 3,068. వారికి ఇచ్చే వార్షిక సహాయం 2016లో ఇరవై వేల యువాన్లకు పెరిగింది. 2011 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం వారసులకు విధులను నిర్దేశించింది. శిష్యులను తయారుచేయకుండా, సరైన కారణం లేకుండా విధి తప్పినవారి గుర్తింపును రద్దు చేయవచ్చు. కళాకారునికి బిరుదిచ్చి మరచిపోయే పద్ధతి కంటే ఇది మేలైనదే.

చిక్కు ‘వారసుడు’ అన్న భావనలో ఉంది. గురుశిష్య పరంపర గల వాద్యానికి అది నప్పుతుంది. ఊరంతా పాడే పాటకు వారసుడెవరు? గ్వీజౌ రాష్ట్రంలో దోంగ్ ప్రజలు తమ భాషలో ‘గా లావ్’, పెద్దపాట, అని పిలుచుకునే గానానికి వాద్యం లేదు, నాయకుడు లేడు. కింది స్థాయిని అనేకులు పట్టి ఉంచగా, పై స్థాయిని ఒకరిద్దరు మార్చి మార్చి పాడతారు. చాంద్రమాన కొత్త సంవత్సరం నాడు భేరీగోపురంలో ఒక వంశపు స్త్రీలు, మరో వంశపు పురుషులు ఎదురెదురుగా కూర్చుని రాత్రంతా పాటకు పాటతో బదులిచ్చుకుంటారు. 1986లో తొమ్మిదిమంది యువతులు పారిస్‌లో పాడినప్పుడు యూరప్ శ్రోతలు ఆశ్చర్యపోయారు. 2009లో ఇది యునెస్కో ప్రతినిధి పట్టికలో చేరింది. ఈలోగా యువత కూలికోసం గ్వాంగ్‌దోంగ్ వెళ్లిపోయింది. పిల్లలు సాయంత్రాలు పాట గురువు ఇంటికి బదులు బడి పుస్తకాల ముందు గడుపుతున్నారు. పాఠశాలలు పాట తరగతులు పెట్టి ఈ లోటు పూడ్చడానికి ప్రయత్నించాయి. కాని వేదిక మీద వినిపించే గీతాలు కొద్ది, చిన్నవి. గోపురంలో గంటల తరబడి సాగే దీర్ఘగీతాలకు సభావేదికపై సమయం ఉండదు.

గాన్సు, చింగ్‌హాయ్, నింగ్‌షియా ప్రాంతాల ‘హువార్’ గీతాలలో ఈ సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. హుయ్, హాన్, తు, సాలార్, దోంగ్‌షియాంగ్ వంటి అనేక జాతులవారు పాడే ప్రేమగీతాలివి. ఇంట్లో, ఊరిలో, పెద్దల ఎదుట పాడరాదన్నది కట్టడి. కొండమీద, పొలంలో, బండి బాటలో పాడాలి. ఆరవ నెలలో జరిగే లియెన్‌హువా కొండ తిరునాళ్లలో గడ్డితాడు అడ్డుపెట్టి దారి ఆపుతారు. వచ్చినవారు పాటకు పాటతో బదులు చెప్పి దారి గెలుచుకోవాలి. 1940లో జాంగ్ యాషియోంగ్ సంకలనంతో ఈ గీతాలు అచ్చులోకి, ఆ తరువాత క్యాసెట్లలోకి, వీసీడీలలోకి, నేడు ఫోన్లలోకి వచ్చాయి. ఇంట్లో పాడకూడని పాట ఇంటి మధ్యలో వినిపించడం మొదలైంది. కట్టడి సడలితే పాడేవారు పెరుగుతారన్నది నిజమే. కాని ఇల్లు దాటితే తప్ప చెప్పుకోలేని మాట అనే బిగువు వల్లనే హువార్ సాహిత్యంలోని ఉపమానాలు, శ్లేషలు పుట్టాయి. ఆ బిగువు పోయిన చోట రచన పలచబడుతుందన్న అనుమానం తోసిపుచ్చదగింది కాదు.

సందర్భాన్నే భద్రపరచాలని పూనుకున్నవారూ ఉన్నారు. స్వరకర్త తియెన్ ఫెంగ్ 1990లలో యున్నాన్‌లోని కున్‌మింగ్ సమీపంలో ఒక పరంపరాగత విద్యాకేంద్రాన్ని స్థాపించాడు. పల్లెల నుంచి వృద్ధ కళాకారులను, యువతీయువకులను రప్పించి ఒకేచోట నివాసముంచాడు. ‘సత్యాన్ని వెతుకు, మార్పును నిషేధించు’ అన్నది అతని సూత్రం. వేదికకు తగినట్లు పాటకు మెరుగులు దిద్దే రాజధాని బృందాల పద్ధతికి ఇది ధిక్కారం. డబ్బు కొరతతో, వివాదాలతో 2000లో కేంద్రం మూతపడింది. మరుసటి ఏడాది అతడు మరణించాడు. అతని నిజాయితీని శంకించినవారు లేరు. సూత్రంలోనే లోపముంది. మార్పును నిషేధించడమంటే పాడేవారి స్వేచ్ఛను నిషేధించడమే. పొలం, పెళ్లి, చావు లేని ఆవరణలో పల్లె యువతకు పాట నేర్పడమంటే సందర్భాన్ని కాపాడటమూ కాదు. అయినా అక్కడ నేర్చుకున్న యువకులలో కొందరు ఆ తరువాత యున్నాన్ వేదికలపై కనిపించడం వల్ల ఆ ప్రయత్నం పూర్తిగా వృథా అయిందనలేం.

పాట ఎవరిది

పరిరక్షణ చర్చలో ఆలస్యంగా తలెత్తినా అన్నిటికంటే పదునైన ప్రశ్న హక్కులది. ఈశాన్య చైనాలో వూసూలీ నదీతీర జాలరులైన హెజె జాతి జనాభా 2000 నాటి లెక్కల ప్రకారం ఐదు వేల లోపు. వారి వరుసల ఆధారంగా 1962లో రూపొందిన ‘వూసూలీ పడవపాట’ను గాయకుడు గువో సోంగ్ దేశమంతటా ప్రచారంలోకి తెచ్చాడు. 1999లో నాన్నింగ్ జానపదగీతోత్సవంలో, ఇది హెజె జానపదగీతం కాదు, గువో సోంగ్ రచన అని వ్యాఖ్యాత ప్రకటించడంతో హెజె గ్రామమండల ప్రభుత్వం న్యాయస్థానానికి వెళ్లింది. ఒక జాతి తరఫున మండల ప్రభుత్వం దావా వేయవచ్చా అన్నది తొలి ప్రశ్న. వేయవచ్చని బీజింగ్ న్యాయస్థానం 2002లో అంగీకరించింది. ఇకపై ఈ పాట ‘హెజె జానపద వరుసల ఆధారంగా కూర్చినది’ అని పేర్కొనాలని తీర్పిచ్చింది. 2003లో పై న్యాయస్థానం దాన్ని ధ్రువీకరించింది.

జానపద కళాకృతుల రక్షణకు ప్రత్యేక నియమాలు చేస్తామని 1990 నాటి చైనా గ్రంథస్వామ్య చట్టంలోనే ఉంది. 2014లో ముసాయిదా వెలువడింది కాని, అది నియమావళిగా మారలేదు. అందువల్ల హెజె తీర్పే నేటికీ ప్రధాన ఆధారం. దాని వల్ల హెజె ప్రజలకు దక్కినది ఒక వాక్యం, పాట శీర్షిక పక్కన తమ పేరు. తీర్పు వచ్చిన ఎనిమిదేళ్లకు, 2011లో, అదే జాతివారి ‘యిమాకాన్’ అనే గానకథను యునెస్కో తక్షణ రక్షణ అవసరమైన వారసత్వాల పట్టికలో చేర్చింది. పడవపాట వరుస తెలియని చైనా శ్రోత అరుదు. అదే జాతి భాషలో యిమాకాన్ ఘట్టాలను పాడగలిగినవారు ఆనాటికి ఐదుగురే మిగిలారని ఆ పట్టికలోని వివరణ చెబుతుంది.